సెరంగూన్... కొంగ పేరా? గంట మోతా?

ఆదివారం వచ్చిందంటే సింగపూర్‌లో మన తెలుగు కార్మికుల నోట వినిపించే మొదటి మాట సెరంగూన్. "ఒరే, సెరంగూన్ వస్తన్నావా?" అంటే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. ఇంటికి డబ్బు పంపడం, ముస్తఫాలో సామాన్లు కొనడం, పెరుమాళ్ గుడిలో దణ్ణం పెట్టుకోవడం, టెక్కా మార్కెట్లో చేపలు బేరమాడటం, పక్క ఊరివాళ్లను కలిసి కష్టసుఖాలు చెప్పుకోవడం... అన్నీ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి. తువాస్ నుంచి బయల్దేరినా, క్రాంజి నుంచి వచ్చినా, పుంగోల్ డార్మిటరీలో ఉన్నా ఆదివారం దారులన్నీ అక్కడికే.

ఇంతలా నోట్లో నానే పేరుకు అర్థమేంటంటే మాత్రం అందరం తెల్లమొహం వేస్తాం. సివిల్ డిప్లొమా చేసి, పన్నెండేళ్లుగా ఇక్కడి సైట్లలో సూపర్‌వైజర్‌గా పని చేస్తున్నాను. లంచ్ టైంలో మా కుర్రాళ్లు ఈ ప్రశ్న చాలాసార్లు అడిగారు. "అన్నా, ఇది మన తాతల కాలం రంగూన్‌కి చుట్టమా?" అని ఒకడు. "సారంగి లాంటిదేమో" అని ఇంకొకడు. లైబ్రరీలో నాలుగు పుస్తకాలు తిరగేసి, ఇక్కడి పాత కాపులను నలుగురిని అడిగి తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాను. ఇది కాలక్షేపం కబురు మాత్రమే కాదు. ఈ పేరు సంగతి తెలియక మనవాళ్లు పడే ఇబ్బంది కూడా ఒకటుంది. అది చివర్లో చెబుతాను.

ఒకే పేరు, అరడజను చోట్లు

ముందు అసలు చిక్కుముడి చూద్దాం. మనం సెరంగూన్ అనేది సెరంగూన్ రోడ్డును. అంటే టెక్కా దగ్గర మొదలై వీరమాకాళి అమ్మవారి గుడి, అంగులియా మసీదు, పెరుమాళ్ గుడి మీదుగా సాగే రోడ్డు, దాని చుట్టుపక్కల సందులు. కానీ ఎమ్మార్టీ మ్యాపులో సెరంగూన్ స్టేషన్ ఇక్కడ లేదు. ఊదా రంగు లైన్లో లిటిల్ ఇండియా తర్వాత ఫారర్ పార్క్, బూన్ కెంగ్, పొతోంగ్ పాసిర్, వుడ్‌లీ దాటితే ఐదోది సెరంగూన్. అక్కడ పెద్ద షాపింగ్ మాల్, బస్ ఇంటర్‌చేంజ్, అపార్ట్‌మెంట్ బ్లాకులు ఉంటాయి గానీ మన ముస్తఫా ఉండదు.

అంతటితో అయిపోలేదు. సెరంగూన్ గార్డెన్ ఒకటి, సెరంగూన్ నార్త్ ఇంకొకటి. అప్పర్ సెరంగూన్ రోడ్డు వేరే. ఇంకా ఈశాన్యానికి పోతే సెరంగూన్ నది. దానికి అడ్డంగా ఆనకట్ట కట్టి 2011లో మంచినీళ్ల రిజర్వాయరుగా మార్చారు. ఆ పక్కనే సముద్రంలో ఉన్న కోనీ ఐలాండ్‌కి మలయ్ పేరు పులావ్ సెరంగూన్. పులావ్ అంటే దీవి. ఒక పేరు ఇన్ని చోట్ల ఎలా పడింది? వీటిలో అసలు సెరంగూన్ ఏది? పేరు పుట్టుక తెలియాలంటే ముందు ఇది తేలాలి.

గంట కథ

ఇక్కడ ఎక్కువగా చెప్పే కథ ఒకటుంది. వెనకటి రోజుల్లో ఇదంతా అడవి. పులులు, పాములు. జొహోర్ వైపు బెనూత్ అనే ఊళ్లో ఒక పేరున్న మత గురువు ఉండేవాడట. ఆయన దర్శనానికి వెళ్లేవాళ్లు ఈ అడవి దారిన గుంపుగా నడుస్తూ, జంతువులు దగ్గరికి రాకుండా గంటలు మోగించుకుంటూ పోయేవాళ్లట. మలయ్ భాషలో 'సెరాంగ్' అంటే దాడి చేయడం. 'దెంగాన్' అంటే 'తో'. 'గాంగ్' అంటే గుళ్లలో, ఊరేగింపుల్లో మోగించే పెద్ద కంచు గంట. 'సెరాంగ్ దెంగాన్ గాంగ్' అంటే గంటలతో దాడి. అదే అరిగి అరిగి సెరాంగ్-గాంగ్, ఆ తర్వాత సెరంగూన్ అయిందంటారు. షారన్ సిద్దిఖీ, నిర్మల పురుషోత్తం ఇద్దరూ కలిసి లిటిల్ ఇండియా చరిత్ర మీద 1982లో తెచ్చిన పుస్తకంలో ఒక మలయ్ పెద్దమనిషి చెప్పిన మాటగా ఈ కథ ఉంది.

వినడానికి బాగుంది. కళ్లకు కట్టినట్టు ఉంది. అందుకే నలుగురి నోటా నిలిచింది.

ఇలాంటి కథలు మనకు కొత్త కాదు కదా. కడప జిల్లా ఒంటిమిట్ట పేరెలా వచ్చిందంటే ఒంటుడు, మిట్టుడు అనే ఇద్దరు దొంగల కథ చెబుతారు. ఒంటిగా ఉన్న మిట్ట కాబట్టి ఒంటిమిట్ట అని ఇంకోమాట. మా శ్రీకాకుళాన్నే తీసుకోండి. నవాబుల కాలంలో శిస్తు డబ్బు మూటల సిక్కాలు ఇక్కడ విప్పేవారని, 'సిక్కా ఖోల్' అన్న మాట నుంచి సికాకోలు వచ్చిందని మా ఊళ్లో పెద్దలు చెబుతారు. ఇంగ్లిషువాళ్లు దాన్నే చికాకోల్ అని రాసుకున్నారు. పేరును ముక్కలు చేసి, ముక్కకో అర్థం అతికి, మధ్యలో మనుషుల్ని పెడితే కథ తయారవుతుంది. కథ బాగున్నంత మాత్రాన పేరు అక్కడే పుట్టిందని చెప్పలేం.

కొంగ కథ

రెండో మాట అంత సందడిగా ఉండదు. సెరంగూన్ నది ఒడ్డున బురద నేలల్లో 'బురుంగ్ రంగ్గోంగ్' అనే పక్షి ఎక్కువగా ఉండేదట. మలయ్‌లో బురుంగ్ అంటే పక్షి. నల్లటి వీపు, తెల్లటి రొమ్ము, పొడుగాటి మొనదేలిన ముక్కు, తల మీద బూడిద రంగు జుట్టు, పొడవాటి మెడ. బాతులా కాకుండా వేళ్ల మధ్య పొర లేని కాళ్లు. మన లెక్కలో చెప్పాలంటే కొంగ జాతి. మా జిల్లా తేలినీలాపురంలో చింతచెట్ల మీద వాలే కొంగలను చూసినవాళ్లకు ఈ పక్షి ఎలా ఉంటుందో ఊహకు అందుతుంది. ఆ పక్షి తిరిగే ఏరు కాబట్టి రంగ్గోంగ్ ఏరు. అదే సెరంగూన్ అయింది.

పక్షి పేరు, చెట్టు పేరు ఊరికి పెట్టుకోవడం ఎక్కడైనా ఉన్నదే. మనకు ఎన్టీఆర్ జిల్లాలో వేణుగోపాలస్వామి గుడి ఉన్న నెమలి గ్రామం లేదూ? ఇక్కడ మన డార్మిటరీలున్న క్రాంజి కూడా ఒక చెట్టు పేరే.

మూడో మాట ఒకటుంది. అది మన పనివాళ్లకు బాగా అర్థమవుతుంది. మలయ్‌లో చెక్క వంకర తిరగడాన్ని, తాటాకు లాంటి ఆకులతో అల్లిన పైకప్పు ముడుచుకుపోవడాన్ని చెప్పే మాట కూడా ఇంచుమించు ఇలాగే ఉంటుంది. ఎండకు షట్టరింగ్ పలక వంగినట్టు వంగిన కలపో, ముడుచుకుపోయిన ఇంటి కప్పో ఈ పేరుకు కారణం కావొచ్చని 1982 పుస్తకం రాసినవాళ్లే ఒక ఊహగా చెప్పారు.

పాత డ్రాయింగ్ ఏమంటోంది?

మరి ఏది నమ్మాలి? సైట్లో గొడవ వస్తే మనం ఏం చేస్తాం? ఇక్కడ పైపు ఉందని ఒకడు, లేదని ఒకడు అంటే నోటి మాట పక్కన పెట్టి పాత డ్రాయింగ్ తెప్పిస్తాం. అది ఎంత పాతదైతే అంత మంచిది. పేరు విషయంలోనూ అదే పద్ధతి.

ఫ్రాంక్లిన్, జాక్సన్ అనే ఇద్దరు ఇంగ్లిషు అధికారుల పేర్లతో 1830 నాటి సింగపూర్ పటం ఉంది. అందులో 'రంగుంగ్' అని ఉంది. 1836లో కోల్‌మన్ పటంలో 'తాంజోంగ్ రంగోన్' అని ఉంది. తాంజోంగ్ అంటే సముద్రంలోకి చొచ్చుకొచ్చిన నేల. ఈ కోల్‌మన్ మన లైన్ మనిషే. ఇక్కడి పబ్లిక్ వర్క్స్‌కి సూపరింటెండెంట్‌గా చేసినాయన, ఆర్కిటెక్ట్.

ఇక్కడ రెండు సంగతులు గమనించండి. మొదటిది, ఈ పటాల్లో ముందున్న 'సె' లేదు. ఉత్త రంగుంగ్, రంగోన్. గంట కథ నిజమవ్వాలంటే పేరు 'సెరాంగ్' అని మొదలవ్వాలి. ఆ కథకు పునాదే 'సెరాంగ్'. కాగితం మీద దొరికే పాత రూపాల్లో ఆ పునాది కనిపించడం లేదు. మలయ్‌లో మాటకు ముందు 'సె' చేరడం మామూలే. 'ఒకటి' అనే అర్థంలో వస్తుంది. అలా సెరంగ్గోంగ్ అయి, ఇంగ్లిషువాళ్ల నోట్లో, రాతలో సెరంగూన్ అయిందంటే పొసుగుతుంది.

రెండోది, పటంలో ఆ పేరు ఉన్న చోటు. అది అడవి దారి మీద లేదు, నీళ్ల దగ్గర ఉంది. గంటలు కొట్టుకుంటూ నడిచే బాటకు పుట్టిన పేరైతే బాట మీదే ఉండాలి. ఏటి మొగకూ, సముద్రపు ఒడ్డుకూ ఉన్న పేరు నీటి పక్షి వైపే చూపిస్తుంది. అందుకే చరిత్ర రాసినవాళ్లలో ఎక్కువమంది కొంగ వైపే మొగ్గుతారు. నా ఓటూ దానికే.

రంగూన్‌కి చుట్టమా?

మనవాళ్లకు వచ్చే అనుమానం ఇది. అందులో తప్పు లేదు. మా ఉత్తరాంధ్రలో, గోదావరి జిల్లాల్లో ముసలివాళ్లు రంగూన్‌ని 'రంగం' అనేవారు. "మా తాత రంగం వెళ్లాడు" అన్న మాట వినని ఇల్లు తక్కువ. కాకినాడ దగ్గర కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్లేవారు కాబట్టి బర్మావాళ్లు మన తెలుగువాళ్లను కోరంగీలనే పిలిచారు. మిల్లుల్లో, రేవుల్లో కూలి చేశారు. 1942లో జపాన్ సేనలు బర్మా మీద పడ్డప్పుడు వేలమంది కాలినడకన కొండలు దాటి ఇండియాకి వచ్చారు. దారిలో పోయినవాళ్లు పోయారు.

ఆ రంగూన్‌కీ ఈ సెరంగూన్‌కీ మాత్రం సంబంధం లేదు. బర్మా రాజు అలౌంగ్‌పయా 1755లో ఆ ఊరిని గెలిచి యాంగోన్ అని పేరు పెట్టాడు. పోరు ముగిసింది అని దానర్థం. దాన్నే ఇంగ్లిషువాళ్లు రంగూన్ అన్నారు. ఇది ఒక కొంగ, అది ఒక విజయం. అయితే మనల్ని తికమక పెట్టడానికా అన్నట్టు ఫారర్ పార్క్ దగ్గర రంగూన్ రోడ్డు అని నిజంగానే ఒకటుంది. ఆ చుట్టుపక్కలే మాండలే రోడ్డు, పెగు రోడ్డు, మౌల్మీన్ రోడ్డు. అవన్నీ బర్మా ఊళ్ల పేర్లు తెచ్చి పెట్టినవి.

శ్రీకాకుళం రోడ్ లెక్క

పేరు ఎక్కడో ఈశాన్యం మూల ఏటి ఒడ్డుది. మరి ఇంత దూరంలో టెక్కా దగ్గరికి ఎలా వచ్చింది?

దీనికి జవాబు మా జిల్లావాళ్లకు చిన్నప్పుడే తెలుసు. రైల్లో వచ్చి 'శ్రీకాకుళం రోడ్' స్టేషన్లో దిగితే మీరు శ్రీకాకుళంలో దిగినట్టు కాదు, ఆమదాలవలసలో దిగినట్టు. శ్రీకాకుళం పోయే దారి అక్కడ మొదలవుతుంది కాబట్టి ఆ పేరు. ఏ ఊళ్లో చూసినా పలాస రోడ్డు అంటే పలాసలో ఉన్న రోడ్డు కాదు, పలాసకి పోయే రోడ్డు. ఇదీ అంతే. టౌన్ నుంచి సెరంగూన్ ఏటి వైపు పోయే బాట కాబట్టి సెరంగూన్ రోడ్డు. దాన్నే పొడిగించింది అప్పర్ సెరంగూన్ రోడ్డు. ఆ రోడ్డు చివర, ఏటి ఒడ్డున కంకార్ అనే జాలరి పల్లె ఒకప్పుడు ఉండేది.

అంటే మనం ఆదివారం కూర్చునేది సెరంగూన్‌లో కాదు, సెరంగూన్‌కి పోయే దారి మొదట్లో. ఊరికంటే దారికే పేరు ఎక్కువ వచ్చింది. ఎందుకంటే మనుషులు దారి పక్కనే చేరారు.

పనివాళ్లు పెట్టిన పేర్లు

ఆ దారి పక్కన చేరినవాళ్లు ఎవరు? పశువుల కాపర్లు, ఇటుక బట్టీలవాళ్లు, సున్నం కాల్చేవాళ్లు. వాళ్లు దొరల పేర్లతో పని లేకుండా తమ పేర్లు తాము పెట్టుకున్నారు. వీరమాకాళి గుడికి తమిళుల వాడుక పేరు 'సుణ్ణాంబు కంబత్తు కోవిల్'. సుణ్ణాంబు అంటే మన సున్నమే. కంబం అంటే మలయ్ మాట కంపోంగ్, పల్లె. సున్నపు బట్టీల పల్లెలో గుడి అన్నమాట. ఆ దగ్గర్లోనే కంపోంగ్ కపోర్ రోడ్డు ఉంది. కపూర్ అంటే మలయ్‌లో సున్నం. రెండు భాషల్లో ఒకే పేరు.

ఆ రోజుల్లో సిమెంటు ఎక్కడిది? కట్టడమంటే సున్నమే. 1825 ఏప్రిల్లో మద్రాసు నుంచి మొదటి ఖైదీలను బెంకూలెన్ మీదుగా ఇక్కడికి తెచ్చారు. 1873 దాకా సింగపూర్ రోడ్లు, కట్టడాల్లో ఆ ఖైదీల చెమటే ఎక్కువ. 1861లో పూర్తయిన సెయింట్ ఆండ్రూస్ చర్చి గోడలకు సున్నంలో గుడ్డు తెల్లసొన, ముతక చక్కెర కలిపి, కొబ్బరి పీచు నానబెట్టిన నీళ్లు పోసి నూరిన మద్రాసు గచ్చు పూశారు. మన పాత మేడల గచ్చు చూసినవాళ్లకు ఈ పని కొత్తేమీ కాదు. ఆ గోడలు ఇవాళ్టికీ తెల్లగా ఉన్నాయి. పూసినవాళ్ల పేరు ఒక్కటీ గోడ మీద లేదు.

ఇక పశువులు. టెక్కా ప్రాంతాన్ని మలయ్‌లో 'కందాంగ్ కెర్బావ్' అన్నారు. అంటే గేదెల సాల! మనవాళ్లు కేకే హాస్పిటల్ అంటారే, ఆ రెండు 'కే'లూ అవే. 1966లో ఆ ఒక్క ఆసుపత్రిలో 39,835 మంది పిల్లలు పుట్టి ప్రపంచ రికార్డు అయింది. గేదెల సాల పేరుతో ఇంతమంది పుట్టినా ఎవరూ చిన్నతనం అనుకోలేదు. బఫెలో రోడ్డు, కెర్బావ్ రోడ్డు, లెంబు రోడ్డు... లెంబు అంటే ఆవు, ఎద్దు. బెలిలియోస్ రోడ్డు కలకత్తా నుంచి వచ్చిన పశువుల వ్యాపారి పేరు.

టెక్కా అనేది చైనావాళ్ల హొక్కియెన్ భాషలో చిన్న వెదుళ్ల మొదలు. 1982లో కొత్త మార్కెట్ కట్టినప్పుడు ఆ మాటనే చైనీస్ అధికార భాషలోకి మార్చి 'జూజియావ్' అని బోర్డు పెట్టారు. జనం నోరు తిరగలేదు, మనసు ఒప్పలేదు. 2000లో మళ్లీ టెక్కా సెంటర్ అనే పెట్టక తప్పలేదు. లిటిల్ ఇండియా అనే పేరూ అంతే, టూరిస్టుల కోసం 1980లలో ప్రచారంలోకి తెచ్చింది. 1989లో పాత కట్టడాలు కాపాడే ప్రాంతంగా ప్రకటించినప్పుడు ఆ పేరు గట్టిపడింది.

మనకు ఆ పేరు కాగితాల్లోనే తగులుతుంది. కరోనా వచ్చి 2020లో డార్మిటరీల్లో నెలల తరబడి ఉండిపోయాం. 2022 జూన్లో సడలించినప్పుడు, ఆదివారం నాలుగు చోట్లకు పోవాలంటే పాస్ తీసుకోవాలన్నారు. ఆ లిస్టులో ఉన్నది లిటిల్ ఇండియా. ఫోన్లో అది నొక్కి, నోటితో మాత్రం "సెరంగూన్‌కి పాస్ దొరికింది" అనే చెప్పుకున్నాం.

దుబాయ్‌లో ఉన్న మిత్రులకు ఈ సంగతి బాగా తెలుసు. మ్యాపులో ముహైస్నా అని ఉన్న లేబర్ క్యాంపుల చోటును పనివాళ్లంతా సోనాపూర్ అనే అంటారు. బంగారం ఊరు! ఏ ప్రభుత్వమూ పెట్టిన పేరు కాదది.

పేరు తెలిస్తే లాభమేంటి?

ఇప్పుడు మొదట్లో చెప్పిన ఇబ్బంది సంగతి. మా పక్క సైట్లో పలాస వైపు కుర్రాడొకడు ఉండేవాడు. తండ్రి పోయాడని ఫోన్ వచ్చింది. రాత్రికి టికెట్ దొరికింది. ఊరివాళ్లంతా తలా కొంచెం వేసి దినాలకు డబ్బు పోగు చేసి, "సెరంగూన్ రా, అక్కడ ఇస్తాం" అన్నారు. వాళ్లు పెరుమాళ్ గుడి ముందు నిలబడ్డారు. వచ్చి ఆరు నెలలే అయిన ఆ కుర్రాడు ఎమ్మార్టీ బోర్డు చూసి సెరంగూన్ స్టేషన్లో దిగాడు. ఏడ్చి ఏడ్చి ఉన్నాడు, ఫోన్లో చార్జింగ్ లేదు. గంటన్నర అటు వాళ్లు, ఇటు వీడు. చివరికి స్టేషన్లో ఒక తమిళ పెద్దాయన తన ఫోన్ ఇస్తే కలుసుకున్నారు. విమానం అందింది గానీ, తండ్రి కోసం ఏడవాల్సిన సమయంలో దారి కోసం ఏడ్చాడు ఆ పిల్లాడు.

ఇదే ఏ గుండెనొప్పో, యాక్సిడెంటో అయి అంబులెన్స్‌ని పిలవాల్సి వస్తే? 995కి ఫోన్ చేసి "సెరంగూన్" అంటే వాళ్లు ఏ సెరంగూన్ అనుకోవాలి? అందుకని సైట్లో పొద్దున్నే టూల్‌బాక్స్ మీటింగ్‌లో మా కుర్రాళ్లకు చెప్పే మాటే మీకూ చెబుతున్నాను.

సెరంగూన్ రోడ్డుకు రావాలంటే లిటిల్ ఇండియా స్టేషన్లో గానీ, ఫారర్ పార్క్‌లో గానీ దిగాలి. ముస్తఫాకు, పెరుమాళ్ గుడికి ఫారర్ పార్క్ దగ్గర. ఎవరినైనా రమ్మంటే ఉత్త సెరంగూన్ అనకండి, గుడి పేరో, షాపు పేరో, స్టేషన్ పేరో కలిపి చెప్పండి. అంబులెన్స్‌కైనా, పోలీసుల 999కైనా ఫోన్ చేస్తే బిల్డింగ్ నంబరు, రోడ్డు పూర్తి పేరు చెప్పాలి. ఇక్కడ బిల్డింగులకు ఆరంకెల పోస్టల్ కోడ్ ఉంటుంది, అది చెబితే ఇంకా మేలు. ఏదీ తెలియకపోతే దగ్గర్లోని బస్టాపు మీద ఐదంకెల నంబరు ఉంటుంది, అది చదవండి.

ఊరి నుంచి కొత్తగా వచ్చిన తమ్ముళ్లను మొదటి ఆదివారం మీరే వెంటబెట్టుకుని తీసుకెళ్లండి. దారిలో ఈ కొంగ కథ కూడా చెప్పండి. కథతో పాటు విన్న అడ్రసు తొందరగా మర్చిపోరు. మీరు పని చేసే దేశాల్లోనూ మనవాళ్లు వాడే ఇలాంటి పేర్లు ఉండే ఉంటాయి. వాటి వెనుక సంగతి అక్కడి పెద్దవాళ్లను అడిగి రాసి పంపండి. వాళ్లు ఉండగానే అడగాలి.